కొత్త కంప్యూటర్లు కంపెనీ నెట్‌వర్క్‌లో చేరేదాకా: గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో నా అనుభవం

మా సంస్థకు గుంటూరు లక్ష్మీపురంలో ప్రధాన కార్యాలయం, ఊరి శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉన్నాయి. రెండు చోట్లా కలిపి పద్దెనిమిది పాత కంప్యూటర్లను తీసేసి, కొత్తవి పెట్టి, వాటిని కంపెనీ డొమైన్‌లో (అన్ని కంప్యూటర్లనూ, లాగిన్‌లనూ ఒకే సర్వర్ నుంచి నడిపే ఏర్పాటులో) చేర్చే పని 2025 ఆగస్టులో మొదలై అక్టోబరు మధ్యకు ముగిసింది. నేను కంప్యూటర్ ఇంజనీరును కాను, ఆఫీసు పరిపాలన చూసే మేనేజరును. సర్వర్ పనులకు విజయవాడ నుంచి ఒక యువ ఇంజనీరు వచ్చి వెళుతుంటారు. అయితే కొటేషన్లు తెప్పించడం మొదలుకొని, ఒక్కొక్కరి సీటు పక్కన కూర్చుని వారి పని సాగుతోందో లేదో చూసుకోవడం వరకు అంతా నా చేతుల మీదుగానే జరిగింది. ఇలాంటి చిన్న ఆఫీసులో ఇదే పని నెత్తికెత్తుకోబోయేవారికి ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోతాయని మాకు ముందే తెలుసు. జూలైలో మా ఇంజనీరు అన్ని కంప్యూటర్లనూ పరీక్షించి, ఒక్కటి కూడా విండోస్ 11కు పనికిరాదని తేల్చారు. వాటిలో ఉన్నవి ఆరో తరం, ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్లు. విండోస్ 11కు ఎనిమిదో తరమో ఆ తరువాతిదో కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. ఇంకొక్క ఏడాది డబ్బు కట్టి అప్‌డేట్లు తెచ్చుకుందామా అని మా యజమాని అడిగారు. ఇళ్లలో వాడుకునేవారికి ఇచ్చిన ఏడాది పొడిగింపు, డొమైన్‌లో ఉన్న కంప్యూటర్లకు వర్తించదు. సంస్థలకు ఇచ్చే పొడిగింపు ధర మొదటి ఏడాది ఒక్కో కంప్యూటర్‌కు 61 డాలర్లు, తరువాత ఏటేటా రెట్టింపు. తొమ్మిదేళ్లు మిర్చి దుమ్ము పీల్చి, ఫ్యాన్లు మోత పెడుతున్న యంత్రాల మీద ఆ డబ్బు పెట్టడం దండగని అందరికీ అనిపించింది.

ఏ నెలలో మార్చాలన్నదే మా అసలు చర్చ. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి యార్డుకు కొత్త కాయ వస్తుంది, ఆ రోజుల్లో కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర లారీలు బారులు తీరి ఉంటాయి. తూకం కంప్యూటర్ పది నిమిషాలు ఆగినా గొడవే. అందుకే ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు అనుకున్నాం. వాటిలోనూ ప్రతి నెలా 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1, 20వ తేదీకి జీఎస్‌టీఆర్-3బి అనే జీఎస్‌టీ రిటర్నులు ఉంటాయి కాబట్టి, ఆ తేదీలకు ముందు నాలుగేసి రోజులు అకౌంట్స్ విభాగం జోలికి వెళ్లకూడదని క్యాలెండర్ మీద గీతలు గీసుకున్నాను. ఆ గీతలు తరువాత చాలా కాపాడాయి.

ఆగస్టు 11న ఆర్డరు ఇచ్చాం. మానిటర్‌తో సహా ఒక్కో కంప్యూటర్ జీఎస్‌టీ కాక సుమారు 56 వేలు పడింది. ఆపైన 18 శాతం పన్ను. పది రోజుల్లో ఇస్తామన్న సరఫరాదారు సెప్టెంబరు 4న తెచ్చి దించారు. అట్టపెట్టెలు విప్పి ఒక్కొక్కటే వెలిగించి చూస్తే, నాలుగింటిలో విండోస్ 11 ప్రో బదులు హోమ్ ఉంది. హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరదు, ఆ ఏర్పాటే దానిలో ఉండదు. కొటేషన్‌లో ప్రో అని స్పష్టంగా రాయించుకున్నాం గనుక సరఫరాదారు వాదించకుండా ఒప్పుకున్నారు, కానీ లైసెన్సులు మార్చి ఇచ్చేసరికి సెప్టెంబరు 12 అయింది. సంతకం పెట్టి సరుకు దించుకునే ముందే ప్రతి పెట్టె మీది మోడల్ సంఖ్యనూ బిల్లుతో సరిచూసుకోవడం ఎంత అవసరమో ఆ ఎనిమిది రోజుల ఎదురుచూపులో తెలిసింది.

ఈ లోపల నన్ను నిజంగా భయపెట్టిన సంగతి ఇంకొకటి జరిగింది. సరఫరాదారు మనుషులు మాకు శ్రమ తగ్గించాలనే సదుద్దేశంతో, కొన్ని కంప్యూటర్లను తమ వర్క్‌షాపులోనే వెలిగించి, తమ టెక్నీషియన్ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటి సెటప్ పూర్తి చేసి పంపారు. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్‌లో అలా అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్కు దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, తాళం చెవి లాంటి 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్‌లో దాచబడుతుంది. మా ఇంజనీరు ఒక కంప్యూటర్‌కు బయోస్ (యంత్రం వెలగగానే ముందుగా నడిచే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయగానే నీలం తెర వచ్చి ఆ 48 అంకెలు అడిగింది. అవి మా దగ్గర లేవు, ఎవరో తెలియని మనిషి అకౌంట్‌లో ఉన్నాయి. అదృష్టవశాత్తు ఆ టెక్నీషియన్ సాయంత్రానికి దొరికి కీ చదివి వినిపించారు. అప్పటికి అందులో మా సమాచారం ఏదీ లేదు కాబట్టి నష్టం జరగలేదు. కానీ ఆరు నెలల తరువాత, అన్ని ఖాతాలూ అందులో ఉండగా ఇదే జరిగి, ఆ మనిషి ఉద్యోగం మారి ఉంటే మా పరిస్థితి ఏమిటని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. మర్నాడు అన్ని కంప్యూటర్లనూ పూర్తిగా చెరిపి, మొదటి నుంచి మేమే సెటప్ చేయాలని నిర్ణయించాం. రికవరీ కీలన్నీ మా సర్వర్‌లోని యాక్టివ్ డైరెక్టరీలోనే (డొమైన్ వివరాలన్నీ ఉండే జాబితాలోనే) నమోదయ్యేలా ఇంజనీరు గ్రూప్ పాలసీ, అంటే అన్ని కంప్యూటర్లకూ సర్వర్ నుంచే వర్తించే నియమం, పెట్టారు. ప్రో ఎడిషన్‌లో మొదటి సెటప్ సమయంలో, ఆఫీసు లేదా బడి కోసం అన్నది ఎంచుకుని, సైన్ ఇన్ ఆప్షన్లలోకి వెళితే ‘డొమైన్ జాయిన్ ఇన్‌స్టెడ్’ అనే దారి కనిపిస్తుంది. దాని ద్వారా వెళితే ఎవరి సొంత అకౌంటూ అక్కర్లేదు.

సెప్టెంబరు 13, 14 తేదీలు శని, ఆదివారాలు. ఆ రెండు రోజులూ కేబుళ్ల పనికే పోయాయి. కొత్త కంప్యూటర్లలో గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు ఉన్నాయి, కొత్త 24 పోర్టుల గిగాబిట్ స్విచ్ కూడా ఏడున్నర వేలు పెట్టి కొన్నాం. అయినా అకౌంట్స్ గదిలో ఏది పెట్టినా వేగం 100 ఎంబీపీఎస్ దగ్గరే నిలిచిపోయింది. గోడలోని పెట్టె విప్పి చూస్తే కారణం దొరికింది. ఎప్పుడో పాత ఎలక్ట్రీషియన్ ఒకే కేబుల్‌లోని ఎనిమిది తీగలను నాలుగు నాలుగుగా చీల్చి, రెండు కంప్యూటర్లకు ఇచ్చారు. 100 ఎంబీపీఎస్‌కు నాలుగు తీగలు చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. అందువల్ల ఇన్నేళ్లూ ఎవరికీ తేడా తెలియలేదు. ఆ గదికి మళ్లీ క్యాట్ 6 కేబుల్ లాగించాం. ఒక 305 మీటర్ల పెట్టె, క్రింపింగ్, గోడ పాయింట్లు, కూలీ అన్నీ కలిపి 21 వేల దాకా అయింది. ఈ ఖర్చు మా మొదటి లెక్కలో లేదు. కంప్యూటర్లు కొనే ముందు ఒక లాప్‌టాప్‌ను ప్రతి పాయింటుకూ తగిలించి లింకు వేగం చూసుకుంటే, ఈ ఖర్చును ముందే చూపించి అనుమతి తీసుకోవచ్చు.

డొమైన్‌లో చేర్చడం అన్నది చూడటానికి చాలా చిన్న పని. కంప్యూటర్‌కు పేరు పెట్టాలి, డొమైన్ పేరు టైపు చేయాలి, అధికారమున్న అకౌంట్‌తో పాస్‌వర్డ్ ఇవ్వాలి, రీస్టార్ట్ చేయాలి. పేరు విషయంలో మాత్రం కాస్త ఆలోచించాం. పాత కంప్యూటర్లకు మనుషుల పేర్లు ఉండేవి. ఆ మనిషి మానేసినా యంత్రం ఆ పేరుతోనే తిరిగేది. ఈసారి ఊరు, విభాగం, వరుస సంఖ్య వచ్చేలా పెట్టి, పదిహేను అక్షరాలు దాటకుండా చూసుకున్నాం, ఎందుకంటే అంతకు మించితే పాత పద్ధతి పేర్లలో కోత పడుతుంది. అదే పేరును స్టిక్కర్ మీద రాయించి డబ్బాకు ముందువైపు అంటించాం. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేస్తే ‘మీ స్టిక్కర్ మీద ఏముంది?’ అని అడిగితే చాలు.

మొదటి కంప్యూటర్ పావుగంటలో చేరిపోయింది. రెండోది చేరనని మొండికేసింది. సర్వర్‌కూ దీనికీ సమయంలో తేడా ఉందని దాని ఫిర్యాదు. తెర మూలన గడియారం చూస్తే సరిగ్గా మన సమయమే చూపిస్తోంది. ఇంజనీరు చాలాసేపు కేబుల్, పాస్‌వర్డ్, ఫైర్‌వాల్ అన్నీ చూసి, చివరకు టైమ్ జోన్ తెరిచారు. అది అమెరికా పసిఫిక్ సమయంలో ఉంది. ఎవరో ఆ సంగతి గమనించకుండా అంకెలను మాత్రం చేత్తో మన సమయానికి మార్చారు. కంటికి సరిగ్గా కనిపిస్తున్నా, లోపలి లెక్కలో పన్నెండున్నర గంటల తేడా వచ్చింది. డొమైన్ మామూలుగా ఐదు నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు. జోన్ మార్చి, సమయం సరిచేసిన వెంటనే చేరిపోయింది.

సెప్టెంబరు 22న, 3బి దాఖలు అయిపోయిన తరువాత, అకౌంట్స్ విభాగం మొదలుపెట్టాం. సాంకేతికంగా సులువైన రోజు అదే, మనుషులతో మాత్రం కష్టమైన రోజు. మా సీనియర్ అకౌంటెంట్ గారు ఈ సంస్థలో నాకంటే చాలా ముందు నుంచి ఉన్నారు. కొత్త కంప్యూటర్‌లో తమ పేరుతో లాగిన్ కాగానే ఖాళీ డెస్క్‌టాప్ వచ్చింది. ఆయన కళ్లద్దాలు తీసి, ‘అమ్మా, నా ముందు ఉన్నవన్నీ ఎటు పోయాయి?’ అని అడిగినప్పుడు ఆ గొంతులో వణుకు నాకు వినిపించింది. ‘ఎక్కడికీ పోలేదు బాబాయిగారూ, పాత కంప్యూటర్‌లో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, మీరు చూస్తుండగానే తెస్తాను’ అని పక్కన కూర్చున్నాను. ఫైళ్లను తేవడం గంట పని. కానీ ఆయనకు కావలసినవి ఫైళ్లు మాత్రమే కావు. ఫలానా ఫోల్డర్ ఎడమ చివర మూడో వరుసలో ఉండాలి, బ్యాంకు సైటు బొమ్మ కింద ఉండాలి, బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డులన్నీ ఉండాలి. ఆ తరువాత ప్రతి ఒక్కరి పాత డెస్క్‌టాప్‌నూ ముందుగా ఫోటో తీసి, కొత్తదానిలో అదే అమరిక చేసి, వారితోనే రోజూ చేసే నాలుగైదు పనులు చేయించి చూసి, అప్పుడే పాతదాన్ని పక్కకు పెట్టాం. ఒక్కో మనిషికి దాదాపు సగం రోజు పట్టింది. ఆ సమయాన్ని తగ్గించాలని చూడవద్దని నా గట్టి నమ్మకం. యంత్రం చేరినంత మాత్రాన మనిషి చేరినట్టు కాదు.

స్కానర్ మరో రెండు రోజులు తినేసింది. మా పెద్ద జిరాక్సు యంత్రం స్కాన్ చేసిన కాగితాలను ఒక పాత కంప్యూటర్‌లోని ఫోల్డర్‌కు పంపేది. ఆ ఫోల్డర్‌ను కొత్తదానిలో పెడితే ఒక్క కాగితమూ రాలేదు. ఆ యంత్రం మాట్లాడే భాష ఎస్ఎంబీ 1, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతిలో బాగా పాత రకం. విండోస్ 11లో అది ముందుగా ఉండదు. పైగా 24హెచ్2లో పాస్‌వర్డ్ లేని అతిథి ప్రవేశాన్ని ప్రో ఎడిషన్ ఒప్పుకోదు, ప్రతి ఎస్ఎంబీ సంభాషణకూ నిజమైనదేనని చూపే డిజిటల్ ముద్ర కూడా అడుగుతుంది. ఎస్ఎంబీ 1ను తిరిగి పెట్టేస్తే అరగంటలో పని అయిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. భద్రత కోసం ఇంత ఖర్చు పెట్టి, మళ్లీ పాత కిటికీ తెరిచిపెట్టడానికి నేను ఒప్పుకోలేదు. జిరాక్సు యంత్రం సర్వీసు మనిషిని పిలిపించి, ఫర్మ్‌వేర్ మార్పించి, ఎస్ఎంబీ 3 ఎంపిక చేయించాం. స్కాన్లకు మాత్రమే పనికొచ్చేలా ఒక వేరే యూజర్‌ను, దానికొక పాస్‌వర్డ్‌ను సృష్టించాం. సర్వీసు మనిషి రావడానికి దసరా నవరాత్రుల వల్ల ఆలస్యమైంది, అందాకా సిబ్బంది ఫోన్లతో ఫోటోలు తీసి పని గడుపుకున్నారు.

అక్టోబరు 1న ఆయుధపూజ నాడు యజమాని గారి కోరిక మీద కొత్త కంప్యూటర్లకు పసుపు, కుంకుమ పెట్టాం. కుంకుమ గాలి రంధ్రాలలో పడకుండా డబ్బాల పక్కవైపు పెట్టమని నేనే దగ్గరుండి చెప్పాను. 4, 5 తేదీలలో కోల్డ్ స్టోరేజీ పని పెట్టుకున్నాం.

అక్కడి కంప్యూటర్లు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా రెండు చోట్లనూ కలిపే భద్రమైన దారి) ద్వారా లక్ష్మీపురం సర్వర్‌కు చేరాలి. డొమైన్ పేరు ఇస్తే, డొమైన్ కంట్రోలర్ (డొమైన్‌ను నడిపే సర్వర్) దొరకలేదని జవాబు వచ్చింది. సర్వర్ ఐపీ అడ్రసుకు పింగ్ వెళుతోంది, ఫైళ్లు కూడా తెరుచుకుంటున్నాయి, అయినా చేరదు. అక్కడి రౌటర్ ప్రతి కంప్యూటర్‌కూ ఇంటర్నెట్ కంపెనీ డీఎన్ఎస్ (పేరు చెబితే దాని ఐపీ అడ్రసు చెప్పే సర్వర్) అడ్రసు పంచుతోంది. ఆ బయటి డీఎన్ఎస్‌కు మా లోపలి డొమైన్ పేరు ఎలా తెలుస్తుంది? రౌటర్‌లో డీఎన్ఎస్ స్థానంలో మా సర్వర్ అడ్రసు పెట్టగానే నిమిషాలలో చేరింది. ఈ పని మొత్తంలో ఎక్కువమంది చిక్కుకునే చోటు ఇదేనని మా ఇంజనీరు అన్నారు. వీపీఎన్ మీద మొదటి లాగిన్‌కు చాలాసేపు పట్టింది, తెర నల్లగానో, సిద్ధమవుతోందన్న మాటతోనో ఆగిపోయినట్టు ఉంటుంది. కంగారుపడి స్విచ్ కట్టేయవద్దని అక్కడివారికి ముందే చెప్పి ఉంచాం.

అసలు పరీక్ష కాటా గదిలో ఎదురైంది. లారీ కాటా మీదికి ఎక్కగానే బరువు ఒక సీరియల్ కేబుల్ ద్వారా కంప్యూటర్‌లోకి వస్తుంది, తూకం చీటీ పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద ముద్రణ అవుతుంది. కొత్త కంప్యూటర్‌కు సీరియల్ పోర్టూ లేదు, ప్రింటరుకు కావలసిన వెడల్పాటి ప్యారలల్ పోర్టూ లేదు. ఇంటి నుంచి తెచ్చిన పాత యూఎస్‌బీ కన్వర్టరు తగిలిస్తే, అందులోని చిప్ ఎప్పుడో ఆపేసిన రకమని డ్రైవర్ చెప్పి ఊరుకుంది. విజయవాడ నుంచి మంచి చిప్ ఉన్న కన్వర్టరు 1,400 రూపాయలకు తెప్పించాం. అది కామ్ 5 గా కూర్చుంది. కాటా సాఫ్ట్‌వేర్‌కు కామ్ 1 తప్ప ఇంకేదీ తెలియదు. డివైస్ మేనేజర్‌లో పోర్టు సంఖ్య మార్చాక తెర మీద బరువు కదిలింది. ప్రింటరుకు డబ్బాలో ఒక ప్యారలల్ కార్డు వేయించాం. ఖాళీ లారీతో ఒకసారి, కాంక్రీటు దిమ్మెలతో ఒకసారి తూచి, పాత కంప్యూటర్ చూపిన బరువుతో కిలో తేడా లేదని నిర్ధారించుకున్నాకే కాటా గుమాస్తాకు అప్పగించాం. రైతు టిక్కీల (మిర్చి బస్తాల) బరువు విషయంలో ‘దాదాపు సరే’ అన్న మాటకు చోటు లేదు.

అదే సాయంత్రం ఇంకో ఊహించని చిక్కు బయటపడింది. రైతులకు ఇచ్చే నిల్వ బాండును ముందే అచ్చయిన కాగితం మీద తెలుగులో ముద్రిస్తాం. రైతు పేరు, ఊరు, టిక్కీల సంఖ్య వాటి వాటి గళ్లలో కూర్చోవాలి. కొత్త కంప్యూటర్‌లో అన్నీ ఒక వరుస కిందికి జారిపోయాయి. ప్రింటరు తప్పేమో అనుకుని చాలాసేపు కాగితాలు వృథా చేశాం. ఆ ఫైలు గౌతమి ఫాంటుతో తయారైంది. కొత్త విండోస్‌లో గౌతమి, వాణి ముందుగా ఉండవు, వాటి బదులు నిర్మలా యూఐ వచ్చి కూర్చుంటుంది, దాని వరుసల ఎత్తు వేరు. ఆప్షనల్ ఫీచర్లలో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఉంటుంది, దాన్ని చేర్చగానే గళ్లన్నీ యథాస్థానానికి వచ్చాయి. తెలుగులో కాగితాలు ముద్రించే ఏ ఆఫీసయినా దీన్ని ముందుగానే అన్ని కంప్యూటర్లలో వేసుకోవాలి. బాండు మీద బ్యాంకు అప్పు ఇస్తుంది. అందులో ఒక అంకె పక్క గడిలో పడితే ఆ రైతు మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగాలి.

అక్టోబరు 10న, జీఎస్‌టీఆర్-1కు ఒక రోజు ముందు, అకౌంట్స్‌లో డిజిటల్ సంతకం టోకెన్ (రిటర్ను మీద సంతకానికి వాడే పెన్ డ్రైవు లాంటి పరికరం) కంప్యూటర్‌కు కనిపించడం లేదన్నారు. బయటి పెన్ డ్రైవులు పనిచేయకుండా మేము పెట్టుకున్న గ్రూప్ పాలసీ, టోకెన్‌లో డ్రైవర్ ఉండే భాగాన్ని కూడా అడ్డుకుంది. పైగా సంతకానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ను వేయడానికి మామూలు యూజరుకు అధికారం లేదు. ఇంజనీరు దూరం నుంచే లాగిన్ అయి డ్రైవర్‌ను, సాఫ్ట్‌వేర్‌ను వేసి, ఆ ఒక్క కంప్యూటర్‌కు మినహాయింపు ఇచ్చారు. సెప్టెంబరులో ఆ యంత్రం పెట్టిన రోజున రిటర్ను లేదు కాబట్టి ఎవరూ టోకెన్ పెట్టి చూడలేదు. నెలకొకసారి, ఏడాదికొకసారి చేసే పనుల జాబితా ఒకటి తయారు చేసి, వాటిని కూడా ముందే ఉత్తుత్తిగా చేసి చూడటం మంచిది.

14వ తేదీకి పాత కంప్యూటర్లలో ఒక్కటీ నెట్‌వర్క్‌లో లేదు. కంప్యూటర్లు, స్విచ్, కేబుళ్లు, రెండు కొత్త యూపీఎస్‌లు, కన్వర్టరు, కార్డు, ఇంజనీరు అదనపు రోజుల రుసుము అన్నీ కలిపి మొదట అనుకున్నదానికంటే ఏడు శాతం దాకా ఎక్కువైంది. పాత కంప్యూటర్ల డిస్కులు తీసి, తేదీ రాసి, బీరువాలో పెట్టాం. మార్చి ముగిసి ఖాతాలు తేలాక వాటిని చెరిపిస్తాం. డిస్కులు లేని డబ్బాలను, మానిటర్లను ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్‌కు ఇచ్చి రసీదు తీసుకున్నాం, పాతసామాన్ల బండికి వేయలేదు. కాటా గదిలోని పాతదాన్ని మాత్రం నెట్‌వర్క్ కేబుల్ తీసేసి అక్కడే ఉంచాం. ఫిబ్రవరిలో కొత్త కాయ మొదలయ్యాక పది రోజులు లారీల వరసలో కొత్తది ఆగకుండా నడిస్తే, అప్పుడు దాన్నీ తీసేస్తాం.